కెమెరా ముందు అమ్మ... కొట్టు ముందు క్యూ!

సొంత కాళ్లపై

అది 2008. అమెరికాలో బ్యాంకులు కుప్పకూలుతున్నాయి. షేర్ల ధరలు పాతాళానికి జారిపోతున్నాయి. మిస్సోరీ రాష్ట్రంలో హ్యామిల్టన్ అని ఓ చిన్న ఊరు. జనాభా రెండు వేలలోపే. ఆ ఊళ్లో ఉండే డోన్ కుటుంబానికీ ఆ సెగ తగిలింది. ఇంటి పెద్ద రాన్ డోన్ కాన్సస్ సిటీలోని ఓ దినపత్రికలో మెకానిక్. ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. రిటైరయ్యాక అక్కరకొస్తుందని దాచుకున్న సొమ్ము చూస్తుండగానే కరిగిపోయింది. భార్య జెన్నీకి యాభై దాటాయి. ఏడుగురు పిల్లల్ని పెంచి పెద్దచేశారు. ఇక హాయిగా కూర్చోవాల్సిన వయసులో ఈ కష్టం!

పిల్లలకు బెంగ పట్టుకుంది. అమ్మానాన్నలకు ఏదో ఒక ఆధారం చూపించాలి. అమ్మకు వచ్చిన విద్య ఏమిటని ఆలోచిస్తే ఒక్కటే తట్టింది... కుట్టుపని!

జెన్నీ క్విల్టులు కుడుతుంది. క్విల్టంటే మరేమీ కాదు, మన ఇళ్లలో పాత చీరలతో కుట్టే బొంతకు అమెరికా చుట్టం. పైన రంగురంగుల గుడ్డముక్కలు అతికిన పొర, మధ్యలో దూది, కింద అస్తరు. ఈ మూడింటినీ కలిపి కుట్టాలి. ఆ చివరి కుట్టు వేయడానికి 'లాంగ్‌ఆర్మ్' అనే పెద్ద యంత్రం కావాలి. అది ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి క్విల్టు ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఓసారి ఏ క్విల్టు ఇచ్చావమ్మా అని కొడుకు అలాన్ అడిగితే జెన్నీకి గుర్తే రాలేదట. ఇచ్చి అన్నాళ్లయింది మరి! అంత గిరాకీ ఉన్న పని మనమే ఎందుకు చేయకూడదన్న ఆలోచన అక్కడే పుట్టింది. అలాన్, అతని అక్కచెల్లెళ్లలో ఒకరైన శారా అప్పుచేసి యంత్రం కొన్నారు. ఊళ్లో ఓ పాత భవనంలో పెట్టారు. 'మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ' అని బోర్డు కట్టారు.

బోర్డు కట్టగానే బేరాలొస్తాయా? రెండు వేలమంది ఉన్న ఊళ్లో క్విల్టులు కుట్టేవాళ్లు ఎందరుంటారు గనక! అప్పుడే అలాన్‌కు మరో ఆలోచన వచ్చింది. అమ్మ కుడుతుంటే వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే? ట్యుటోరియల్స్ చేస్తావా అని అడిగాడు. చేస్తానంది జెన్నీ. ఆ తర్వాతే, అసలు ట్యుటోరియల్ అంటే ఏమిటని అడిగింది!

ఆ అమాయకత్వమే తర్వాత కొన్ని వందల మందికి అన్నం పెట్టింది.

పొగడలేదు... నేర్పింది

2009లో మొదలైన ఆ వీడియోల్లో పెద్ద హంగామా ఏమీ ఉండేది కాదు. ఓ బల్ల, దాని మీద కుట్టుమిషను, వెనక గోడకు తగిలించిన క్విల్టు. బల్ల వెనక తెల్లబడుతున్న జుట్టుతో, నవ్వు మొహంతో జెన్నీ. పక్కింటి పిన్నిగారు మనింటికి వచ్చి నేర్పిస్తున్నట్టే ఉంటుంది. ఇదిగో ఈ ముక్క ఇలా పెట్టాలి, ఇక్కడ పావు అంగుళం వదలాలి, ఇలా మడిచి ఇస్త్రీ చేయాలి... అంతే! మా గుడ్డ మంచిది, మా కొట్టుకు రండి అన్న ఊదర లేదు.

మరి వ్యాపారం ఎలా జరిగింది?

క్విల్టు అనగానే కొత్తవాళ్లు భయపడేది కొలతలకు, కత్తిరింపులకు. వందల ముక్కలు ఒకే కొలతలో కోయాలి. ఒక్కటి తేడావచ్చినా మూలలు కలవవు. జెన్నీ ఆ భయం పోగొట్టింది. ముందే కోసి కట్టలుగా అమ్మే గుడ్డలతో కుట్టడం చూపించింది. రెండున్నర అంగుళాల పట్టీల చుట్టకు 'జెల్లీ రోల్' అని పేరు. అయిదు అంగుళాల చదరపు ముక్కల కట్ట 'చార్మ్ ప్యాక్'. పది అంగుళాలవైతే 'లేయర్ కేక్'. ఇవి ఉంటే కత్తెరతో పెద్దగా పనిలేదు. వీడియో చూసిన గృహిణికి నేనూ కుట్టగలనన్న ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక గుడ్డ కావాలి. ఎక్కడ కొంటుంది? విద్య నేర్పిన మనిషి దగ్గరే కొంటుంది!

మొదట్లో చూసినవాళ్లు తక్కువే. అయినా ఆపలేదు. వారం వారం కొత్త పాఠం పెడుతూనే వచ్చారు. నెమ్మదిగా చూసేవాళ్లు వేలయ్యారు, లక్షలయ్యారు. ఆర్డర్లు పెరిగాయి. ఊరి మెయిన్‌రోడ్డులో మూతపడి ఉన్న పాత భవనాలను ఒక్కొక్కటిగా కొని, బాగుచేయించి, ఒక్కో రకం గుడ్డకు ఒక్కో కొట్టు తెరిచారు. క్విల్టుల అభిమానులు దూరాల నుంచి హ్యామిల్టన్‌కు యాత్రలా రాసాగారు. భార్యలు గుడ్డలు ఎంచుకుంటుంటే భర్తలు నడుం వాల్చడానికి 'మ్యాన్స్ ల్యాండ్' అని ప్రత్యేకంగా ఓ చోటు కూడా ఏర్పాటుచేశారు! ఆ కంపెనీ ఆ కౌంటీలోనే అత్యధిక మందికి ఉద్యోగాలిచ్చే సంస్థగా పేరు తెచ్చుకుంది. 2015లో అమెరికా ప్రభుత్వ 'స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్' చిన్న వ్యాపారులకిచ్చే జాతీయ పురస్కారం ఆ కంపెనీ జట్టుకు దక్కింది.

జెన్నీ నటి కాదు. యాంకర్ అసలే కాదు. ఆమెకు తెలిసింది తన పని. కెమెరా ముందు చేసిందీ అదే.

మిక్సీలో గోళీలు!

ఇలాంటిదే మరో కథ. యూటా రాష్ట్రంలోని ఓరెమ్‌లో 'బ్లెండ్‌టెక్' అనే మిక్సీల కంపెనీ ఉంది. సరుకు గట్టిదే. పేరే ఎవరికీ తెలియదు. 2006లో అక్కడ మార్కెటింగ్ ఉద్యోగంలో చేరిన జార్జి రైట్‌కు ఓరోజు కర్మాగారంలో నేలమీద రంపపు పొట్టు కనిపించింది. మిక్సీలు చేసేచోట రంపపు పొట్టేమిటని ఆరా తీశాడు. యజమాని టామ్ డిక్సన్ మిక్సీ బలం పరీక్షించడానికి అందులో చెక్క ముక్కలు వేసి తిప్పుతారట! అక్కడివాళ్లకు అది రోజూ చూసే తంతు. జార్జికి మాత్రం అందులో బంగారు గని కనిపించింది.

50 డాలర్ల ఖర్చుతో ఓ తెల్లకోటు, కొన్ని గోళీలు, తోటలో వాడే రేకు లాంటి సామాన్లు కొనుక్కొచ్చారు. యజమానికే కోటు తొడిగి కెమెరా ముందు నిలబెట్టారు. గోళీలు మిక్సీలో పొడి అయిపోవడం జనం నోళ్లు తెరుచుకుని చూశారు. రోజుల వ్యవధిలోనే లక్షలమంది చూసేశారు. ఆ తర్వాతి సంవత్సరం ఐఫోను వచ్చింది. దాన్నీ పొడిచేసి చూపించారు! ఇంట్లో చేసి చూడదగ్గవి వేరుగా, చేయకూడనివి వేరుగా చెప్పడం మాత్రం మరచిపోలేదు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే... ఆ పరీక్ష వీడియో కోసం పుట్టింది కాదు. అంతకుముందు నుంచీ ఉన్నదే. ఎవరూ చూడనప్పుడు కూడా ఆ యజమాని చేస్తున్న పనిని కెమెరా బయటపెట్టిందంతే. జెన్నీ విషయంలోనూ జరిగింది ఇదే. కాబట్టి వీడియో తీయాలనుకునే చిన్న వ్యాపారి ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఏం చెప్పాలని కాదు... కెమెరా లేనప్పుడు నేను చేస్తున్న పనిలో చూపించదగ్గది ఏముంది అని!

చీర తిప్పి చూపిస్తే చాలు

మన దగ్గరికొద్దాం. పోచంపల్లి చీరలమ్మే నేత కుటుంబం ఉందనుకోండి. మామూలుగా తీసే వీడియో ఎలా ఉంటుంది? వెనక సినిమా పాట, చీర కట్టిన అమ్మాయి నాలుగు అడుగులు నడవడం, అద్భుతమైన నాణ్యత, అతి తక్కువ ధర అంటూ మాటలు. అచ్చుచీరలమ్మేవాళ్లూ ఇదే తీస్తారు. చూసేవాళ్లకు తేడా తెలిసేదెలా?

నేతగాడికి మాత్రమే తెలిసిన సంగతులు వేరే ఉన్నాయి. ఇక్కత్‌లో రంగు పడేది గుడ్డ మీద కాదు, నూలు మీద. మగ్గం ఎక్కకముందే నూలుకు అక్కడక్కడా ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు అంటదు. ఆ నూలుతో నేస్తే డిజైను దానంతటది తేలుతుంది. అందుకే డిజైను అంచులు కాస్త చెదిరినట్టు, ఈకలు విచ్చుకున్నట్టు ఉంటాయి. చీరకు ముందూ వెనకా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మీద అచ్చువేసిన నకలు చీరకు సాధారణంగా వెనకవైపు వెలవెలబోతుంది. ఈ సంగతి చెబుతూ, చీర చెంగు పట్టుకుని ఒక్కసారి వెనక్కి తిప్పి చూపించండి. ఇరవై సెకన్ల పని. వంద పొగడ్తలు చేయలేని పని అది చేస్తుంది. పైగా చూసిన ఇల్లాలికి ఓ విద్య అబ్బింది. రేపు ఏ కొట్టుకెళ్లినా చీర తిప్పి చూస్తుంది. అప్పుడల్లా మీరే గుర్తొస్తారు.

నిజం చెప్పడానికి వెనకాడాల్సిన పని కూడా లేదు. ఇక్కత్ నేతలో 'ఆసు పోయడం' అని ఓ ఘట్టం ఉంటుంది. కొయ్య మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. ఎక్కువగా ఆడవాళ్లే చేసే ఆ పనితో భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే అవస్థ చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరే పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నారు. 2017లో ఆయన్ను పద్మశ్రీ వరించింది. ఆయన జీవితం 2019లో సినిమాగా కూడా వచ్చింది.

మీ ఇంట్లోనూ ఆసు యంత్రమే ఉంటే దాన్ని వీడియోలో దాచిపెట్టకండి. అంతా చేత్తోనే చేస్తున్నామని కోతలు కోయనక్కర్లేదు. 'ఆసు యంత్రం మీద పోస్తాం, నేత మాత్రం చేతిమగ్గం మీదే' అని చెబితే కొనేవాళ్లు పోతారా? పోరు సరికదా, ఇంత దాపరికం లేకుండా చెప్పే మనిషి ధర విషయంలోనూ నిజమే చెబుతాడని నమ్ముతారు.

పచ్చళ్లమ్మేవాళ్లకూ అంతే. ఆవకాయ నోరూరించేలా ఉందని చెప్పడం ఎందుకు? కాయ కొట్టినప్పుడు ముక్కకు టెంక ఎంత అంటుకుని ఉండాలో చూపించండి. ముక్క తడి ఎందుకు తుడుస్తారో, మూడోరోజు తిరగకలిపి ఉప్పు ఎందుకు చూస్తారో చెప్పండి. మా ఇంట్లో ఊరగాయ బూజు ఎందుకు పడుతోందన్న ప్రశ్నకు జవాబు చెప్పండి. అన్నీ చెప్పేస్తే వాళ్లే పెట్టుకుంటారు, మన దగ్గర ఎవరు కొంటారన్న భయం వద్దు. ఓపికున్న పదిమంది పెట్టుకుంటారు. ఓపిక లేని తొంభైమంది మీ దగ్గరే కొంటారు!

జనం వచ్చాక...

వీడియోకు మరో ముఖం కూడా ఉంది. అదీ తెలుసుకోవాలి.

2020 అక్టోబరు. కరోనాతో దిల్లీలోని మాలవీయనగర్‌లో 'బాబా కా ఢాబా' అనే చిన్న తిండి బండికి బేరాల్లేవు. దాన్ని నడుపుకునే వృద్ధ దంపతుల కన్నీళ్లను ఓ యూట్యూబర్ వీడియో తీసి పెట్టాడు. తెల్లారేసరికి బండి ముందు జనం బారులు తీరారు. విరాళాలు వచ్చిపడ్డాయి. ఆ ఊపులో డిసెంబరులో రెస్టరెంటు తెరిచారు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు... ఖర్చు కొండంత, రాబడి గోరంత. 2021 ఫిబ్రవరిలో అది మూతపడింది. మళ్లీ పాత బండి దగ్గరికే చేరారు.

2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం పెట్టే ఓ మహిళ విషయంలో ఇంకో తమాషా జరిగింది. వీడియోలు చూసి జనం ఎంతగా ఎగబడ్డారంటే ట్రాఫిక్ ఆగిపోయి పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి జోక్యం చేసుకుంటే గానీ ఆమె మళ్లీ అక్కడే వడ్డించలేకపోయింది.

ఈ రెండు సంఘటనల్లోనూ వ్యాపారులు చేసిన తప్పేమీ లేదు. కానీ ఒక్కటి మాత్రం తేటతెల్లం. వీడియో మనిషిని కొట్టు గుమ్మం దాకా తీసుకొస్తుంది. లోపలికొచ్చాక నిలబెట్టాల్సింది సరుకు. జాలితో వచ్చినవాళ్లు ఒకసారి వస్తారు. ఆసక్తితో వచ్చినవాళ్లు రెండుసార్లు వస్తారు. నమ్మకంతో వచ్చినవాళ్లే పదేళ్లపాటు వస్తారు. కాబట్టి నెలకు వంద సీసాల పచ్చడి పెట్టగల ఇల్లాలు వందకే ఆర్డర్లు తీసుకోవాలి. మిగతావారికి వచ్చేనెల అని చెప్పాలి. ఆర్డర్లు పోతాయన్న కంగారులో బయట కొన్న పచ్చడికి తన లేబులు అతికిస్తే... వీడియోలో చూపించిన జాడీ, చేతులు అన్నీ అబద్ధమైపోతాయి. అలా పోయిన పేరును మరో వెయ్యి వీడియోలు తీసినా తిరిగి తెచ్చుకోలేరు.

చట్టం చూస్తోంది సుమా!

సొంత ఫోను, సొంత కొట్టు, ఏం చెప్పినా అడిగేదెవరనుకుంటే పొరపాటే. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. మొదటిసారి తప్పుకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. డబ్బో, ఉచితంగా సరుకో ఇచ్చి మరొకరితో పొగిడిస్తే ఆ సంగతి వీడియోలోనే చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం స్పష్టం చేసింది. బావమరిదిని కూర్చోబెట్టి ఎవరో కస్టమర్ అన్నట్టు మాట్లాడించడం కూడా మోసమే.

తినుబండారాలు అమ్మేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మా చిరుధాన్యాల లడ్డు తింటే షుగరు నయమవుతుందని చెప్పకూడదు. ఆహారపదార్థం జబ్బును నయం చేస్తుందని ప్రకటించడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి నిబంధనలు ఒప్పుకోవు. ఏమేం కలిపారో, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో చెప్పండి చాలు.

ఇక సినిమా పాటలు. పాట మీద హక్కు దాన్ని కొన్న మ్యూజిక్ కంపెనీది. వ్యాపారం కోసం తీసిన వీడియోకు వాడితే అభ్యంతరం రావచ్చు, వీడియోనే తీసేయొచ్చు. యూట్యూబ్ 'ఆడియో లైబ్రరీ'లో ఉచితంగా వాడుకునే సంగీతం ఉంది. అసలు సంగీతం దేనికి? మగ్గం చప్పుడు, పోపు చిటపటలు, రోకలి పోటు... వీటిని మించిన నేపథ్య సంగీతం ఏముంది!

ఫోనుంటే చాలు... కానీ

* షూటింగుకు ముందు ఫోను లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. మసక వీడియోల్లో సగం ఈ జిడ్డు పుణ్యమే.

* కిటికీకి ఎదురుగానో పక్కగానో కూర్చోండి. వెలుగు మొహం మీద, చేతుల మీద పడాలి. కిటికీ వీపు వెనక ఉంటే మనిషి నల్లగా నీడలా కనిపిస్తాడు.

* బొమ్మ కాస్త తగ్గినా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే వెళ్లిపోతారు. ఫ్యాను ఆపండి. వీలైతే చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనండి.

* కంఠతా పట్టి అప్పజెప్పకండి. కొట్టుకొచ్చిన మనిషితో ఎలా మాట్లాడతారో అలాగే, మీ యాసలోనే మాట్లాడండి. తడబడితే నవ్వేసి మళ్లీ చెప్పండి.

* పేర్లు, ఊరు పరిచయాలతో మొదలుపెట్టకండి. ముందు పని చూపించండి. చివర్లో ధర, చిరునామా చెప్పండి. ధర దాచి ఫోను చేయమంటే చాలామంది చేయరు.

* పనివాళ్లను, కొనడానికి వచ్చినవాళ్లను అడక్కుండా తీయకండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

* ఏడాదికి ఒక గొప్ప వీడియో కంటే వారానికో మామూలు వీడియో మేలు. జెన్నీ నెగ్గింది అలాగే.

ఏం తీయాలో తోచడం లేదా? గల్లాపెట్టె పక్కన ఓ నోటుపుస్తకం పెట్టుకోండి. వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు వారంపాటు రాసుకోండి. ఈ రంగు వెలుస్తుందా, ఉతకడం ఎలా, ఎన్నాళ్లుంటుంది, పక్క కొట్లో తక్కువకిస్తున్నారు మీరెందుకివ్వరు... ఒక్కో ప్రశ్న ఒక్కో వీడియో. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్నకు కెమెరా ముందు సూటిగా జవాబు చెప్పగలిగిన వ్యాపారిని జనం మరచిపోరు.

ఒకవేళ దేనికైనా కెమెరా ముందు జవాబు చెప్పడానికి నోరు రాకపోతే... అప్పుడు మార్చాల్సింది వీడియోను కాదు, సరుకును!